తెడ్డు కయాక్ మేలా? తొక్కుడు కయాక్ మేలా?



గాలం వేసేవాడికి చేతులు రెండే. పనులు మాత్రం మూడు. గాలపు కర్ర పట్టుకోవాలి, రీలు తిప్పాలి, పడవను అదుపులో ఉంచుకోవాలి. ఒడ్డున కూర్చొని గాలం వేసేవాడికి ఈ మూడవ పని లేదు. నీటి మధ్యకు పోయినవాడికి మాత్రం అసలు చిక్కంతా అక్కడే వస్తుంది. చేప ఎర ముట్టిన క్షణంలోనే గాలి పడవను పక్కకు తోస్తుంది. తెడ్డు అందుకొంటే చేప పోతుంది. కర్ర అందుకొంటే పడవ పోతుంది. ఈ చిక్కును తీర్చటానికి కాళ్ళతో తొక్కే పడవ ఒకటి వాడుకలోనికి వచ్చినది. అది నిజంగా చిక్కు తీర్చునా, ఎక్కడ తీర్చును, ఎక్కడ కొత్త చిక్కు తెచ్చిపెట్టును, దానికి పెట్టే డబ్బు గిట్టుబాటు అగునా అన్న సంగతులు ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ముందుగా కయాక్ అంటే ఏమిటో చెప్పాలి. ఇది ఒక మనిషి కూర్చొని నడుపుకొనే సన్నని, పొడవాటి పడవ. ఉత్తర ధ్రువానికి దగ్గరగా, మంచు ప్రాంతాలలో నివసించే ఇన్యూట్ మొదలైన జాతుల వారు దీనిని వేల ఏండ్ల క్రిందట కనిపెట్టారు. అక్కడ చెట్లు అరుదు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొయ్యతోనో, తిమింగలం ఎముకలతోనో చట్రం కట్టి, సీల్ అనే సముద్ర జంతువు తోలు బిగించి కుట్టేవారు. వేటకు చప్పుడు లేకుండా పోవటానికి అది వారి బండి. దాని తెడ్డుకు మన పడవ తెడ్డువలె ఒక్క ఆకు కాదు, రెండు కొసలా రెండు ఆకులు ఉంటాయి. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వేసుకొంటూ పోతారు.

మన పుట్టిని తలచుకొండి. వెదురు బద్దలతో అల్లి, పూర్వం తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా కప్పి, కృష్ణ మీద, తుంగభద్ర మీద నడిపే పుట్టి కూడ ఆ బుద్ధితో పుట్టినదే. దొరికిన వస్తువుతో చట్రం, దాని మీద తోలు. పుట్టి గుండ్రం కాబట్టి బరువు మోస్తుంది, కాని నీటిని కోసుకొని పోలేదు. కయాక్ సన్నం కాబట్టి నీటిని కోస్తుంది, కాని బరువు అంతగా మోయదు. ఏ పడవైనా ఒక గుణం సంపాదించుకొంటే ఒక గుణం వదులుకోవలసిందే. ఈ మాట చివరిదాకా జ్ఞాపకం ఉంచుకొండి. తెడ్డు పడవకు, తొక్కుడు పడవకు మధ్య తగవంతా ఇదే.

నేటి చేపల కయాక్‌లు తోలుతో చేసినవి కావు. మన మిద్దెల మీద కనిపించే ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు ఎట్లా చేస్తారో, వీటిలో ఎక్కువ భాగం అట్లాగే చేస్తారు. పాలిథీన్ పొడిని అచ్చులో పోసి, వేడిచేస్తూ అచ్చును తిప్పితే పొడి కరిగి గోడలకు సమంగా పట్టుకొంటుంది. లోపల డొల్లగా ఉన్న పడవ తయారవుతుంది. మనిషి లోపల కూర్చోడు, పైన కూర్చుంటాడు. పైకి ఎగిరిపడ్డ నీరు పోవటానికి పడవలో అటునుంచి ఇటు బెజ్జాలు ఉంటాయి. చేపల కయాక్ వెడల్పు సామాన్యంగా 75 నుంచి 90 సెంటీమీటర్లు, పొడవు 3 నుంచి 4 మీటర్లు.

ఇక తొక్కుడు సంగతి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో హోబీ ఆల్టర్ అనే ఆయన అలల మీద నిలబడి జారే పలకలు తయారుచేసి పేరు తెచ్చుకొన్నాడు. 1968లో ఆయన రెండు సన్నని అడుగులను జతచేసి, తెరచాపతో నడిచే తేలిక పడవను చేశాడు. ఇంగ్లీషువారు అటువంటి పడవను కటమరాన్ అంటారు. ఆ మాట ఎక్కడిదనుకొన్నారు? తమిళుల కట్టుమరం. కట్టిన మాను అని అర్థం. మన కోస్తా జాలరులు దుంగలు కట్టి సముద్రం మీదికి పోయే తెప్ప కూడ ఆ కుటుంబంలోదే. ఆ పేరు పెట్టుకొని ఎదిగిన హోబీ కంపెనీయే 1997లో కాళ్ళతో నడిచే కయాక్‌ను బజారులోనికి తెచ్చినది. దాని యంత్రాన్ని రూపొందించినది గ్రెగ్ కెటర్‌మన్ అనే ఇంజనీరు.

ఆ యంత్రం ఎట్లా పనిచేస్తుందో చూడండి. పడవ అడుగున రెండు రెక్కలు వ్రేలాడుతూ ఉంటాయి. కూర్చున్నవాడు రెండు పెడళ్ళను ఒకదాని తరువాత ఒకటి ముందుకు తోస్తాడు. సైకిలువలె గుండ్రంగా త్రిప్పటం కాదు, మెట్లెక్కినట్టు తోయటం. అప్పుడు ఆ రెక్కలు నీటిలో అటూ ఇటూ ఊగుతాయి. ఊగేటప్పుడు రెక్క కొద్దిగా మెలితిరిగి నీటిని వెనుకకు నెడుతుంది. పెంగ్విన్ పక్షి నీటిలో రెక్కలాడించినట్లు ఉంటుంది ఆ పని. ఒక పెడలును పూర్తిగా ముందుకు తోసి ఉంచితే రెక్కలు రెండూ పడవ అడుగుకు అంటుకొనిపోతాయి. మెరక వచ్చినప్పుడు ఇది బాగా ఉపయోగం. మొదటి రకం వెనుకకు పోలేకపోయేది. వెనుకకు కూడ పోయే రకాన్ని 2015లో ప్రకటించారు.

రెండవ రకం యంత్రం పంకాది. సైకిలు తొక్కినట్టే గుండ్రంగా తొక్కాలి. పళ్ళచక్రాలు ఆ తిప్పుడును క్రిందికి దించి, అడుగున ఉన్న చిన్న పంకాను త్రిప్పుతాయి. కొన్ని నమూనాలలో పెడలు ఒక్క చుట్టు తిరిగితే పంకా సుమారు పది చుట్లు తిరుగుతుంది. దీని గొప్ప సుగుణం ఏమిటంటే, పెడలును వెనుకకు త్రొక్కితే పడవ వెంటనే వెనుకకు నడుస్తుంది. ఏ రకమైనా దిక్కు మార్చటానికి వెనుక చుక్కాని ఉంటుంది. దానిని పక్కనున్న చిన్న పిడితో వ్రేళ్ళతో త్రిప్పుకోవచ్చును.

కాలికీ చేతికీ ఇంత తేడా ఏమిటని మీరడగవచ్చు. ఈ ప్రశ్నకు మన పెద్దలే జవాబు చెప్పి ఉన్నారు. గూడ వేయటం, ఏతం తొక్కటం రెండూ నీరు తోడే పనులే. గూడ చేతులతో, నడుముతో వేసేది. ఏతం మనిషి దూలం మీద ముందుకూ వెనుకకూ నడిచి, తన బరువుతో, కాలి బలంతో తోడేది. గూడ వేసినవాడి భుజాలు ఎంత త్వరగా పడిపోతాయో, ఏతం తొక్కినవాడు ఎంతసేపు నిలుస్తాడో పాతతరం రైతులకు చెప్పనక్కరలేదు. తొడ కండరాలు మనిషి ఒంటిలో పెద్ద కండరాలు. పుట్టింది మొదలు ఒంటిని మోసి అలవాటుపడ్డవి. భుజం కండరాలు చిన్నవి, త్వరగా అలసిపోతాయి. కనుక ఒకే దూరం పోవటానికి తొక్కుడు కయాక్‌లో మనిషి తక్కువ అలసట పొందుతాడు.

అయితే అలసట ఒకటే చూచుకొంటే చాలదు. చేప పట్టేచోట ఏమి జరుగుతుందో వరుసగా చూద్దాం.

మొదటిది, ఒకచోట నిలవటం. పెద్ద జలాశయంలో మునిగిన చెట్టు మొద్దుల దగ్గరనో, రాతి గట్టు దగ్గరనో చేప ఉందని గుర్తించారు. గాలి వీస్తోంది. తెడ్డు కయాక్‌లో ఉన్నవాడు గాలం విసిరేలోగా పడవ పది గజాలు జరిగిపోతుంది. కర్ర పక్కన పెట్టి, తెడ్డు వేసి, మళ్ళీ చోటుకు వచ్చి, మళ్ళీ కర్ర అందుకోవాలి. పొద్దుటి పూటలో సగం దీనికే సరిపోతుంది. లంగరు వేస్తే నిలవవచ్చును గాని, చోటు మారినప్పుడల్లా లంగరు ఎత్తాలి, దించాలి. మొద్దుల మధ్య లంగరు చిక్కుకొంటుంది కూడ. తొక్కుడు కయాక్‌లో పడవ ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, మెల్లగా తొక్కుతూ ఉంటే నిలిచినచోటనే నిలిచి, రెండు చేతులతో గాలం వేసుకోవచ్చును. తొక్కుడు పడవకు ఉన్న మేళ్ళలో ఇది అన్నిటికంటె పెద్దది.

రెండవది, చేప పడిన తరువాత. ఐదారు కిలోల వాలుగ గాని, ఉప్పుటేరులో పండుగప్ప గాని గాలం మింగితే, కయాక్ వంటి తేలిక పడవను అది తనవైపు లాక్కొనిపోతుంది. నేరుగా వేళ్ళలోనికో, మొద్దులలోనికో దూరి దారం తెంపుకొంటుంది. తెడ్డు పడవవాడు అప్పుడు చూస్తూ ఊరుకోవలసిందే. రెండు చేతులూ కర్ర మీదనే ఉంటాయి కదా! పంకా రకం తొక్కుడు పడవవాడు వెనుకకు త్రొక్కి చేపను బయటి నీటిలోనికి లాక్కొని రాగలడు.

మూడవది, ఎరను లాగుతూ పోవటం. పడవ నడుస్తూ ఉండగా వెనుక దారం వదలి, చేప బొమ్మ ఎరను ఈదించే పద్ధతి ఒకటి ఉన్నది. దీనికి వేగం సమంగా ఉండాలి. మనిషి నడక వేగం కంటె కొంచెం తక్కువైతే సామాన్యంగా సరిపోతుంది. తెడ్డు వేసినప్పుడల్లా పడవ ఒక్క ఉదుటున ముందుకు దూకి, మళ్ళీ మందగిస్తుంది. తొక్కుడులో ఆ కుదుపు తక్కువ. కర్ర చేతిలోనే ఉంటుంది కాబట్టి చేప ముట్టిన సంగతి వెంటనే తెలుస్తుంది.

ఇంతవరకు విన్నవారు తొక్కుడు పడవే కొనాలనుకొంటారు. తొందరపడకండి. తెడ్డు కూడ తన వాదన చెప్పుకోవాలి గదా.

తెడ్డు కయాక్ జానెడు లోతు నీరుంటే చాలు, పోతుంది. తొక్కుడు పడవ రెక్కలు గాని, పంకా గాని అడుగు నుంచి మూర లోతుకు దిగి ఉంటాయి. చెరువు అంచున, తూటికాడ మధ్య, మోకాలి లోతు నీటిలో కొరమేను ఉంటుందని మీకందరికీ తెలుసు. అక్కడికి తొక్కుతూ పోతే పంకా బురదలో దిగబడుతుంది, లేదా రాతికి కొట్టుకొంటుంది. యంత్రాన్ని పైకెత్తి, తెడ్డు తీసి వేసుకోవాలి. అప్పుడది బరువెక్కిన తెడ్డు పడవ మాత్రమే.

గుర్రపుడెక్క ఇంకొక శత్రువు. మన చెరువులలో, కాలువలలో అది లేనిచోటు వెదకాలి. దాని వేళ్ళ కుచ్చులు, నాచు పోగులు పంకాకు చుట్టుకొంటే రెండు నిమిషాలలో తొక్కుడు బిగుసుకొంటుంది. రెక్కల రకం కొంత నయం గాని, దానికీ నాచు వ్రేలాడి బరువెక్కుతుంది. తెడ్డుకు అంటిన నాచు ఒక్క విదిలింపుతో పోతుంది. కనుక నీటిమొక్కలు దట్టంగా ఉన్న చెరువుకు తెడ్డే తగినది. కొల్లేటివంటి తక్కువ లోతు నీళ్ళలో తాటి దోనెను గడతో నెట్టుకొనిపోయిన మన పెద్దల తెలివి ఊరకే పుట్టినది కాదు. గడకు చుట్టుకొనేది ఏముంది?

మలుపు సంగతి చూడండి. తెడ్డును ఒకవైపు ముందుకు, రెండవవైపు వెనుకకు వేస్తే కయాక్ ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. చుక్కాని మాత్రం పడవ నడుస్తుంటేనే పనిచేస్తుంది. తొక్కుడు పడవకు తిరగటానికి కొంత వెడల్పు కావాలి. ఇరుకు కాలువలో, మొద్దుల సందులలో ఇది ఇబ్బంది.

చప్పుడు విషయంలో ఇద్దరికీ సగం సగం. తెడ్డు పడవ అంచుకు తగిలి టక్కుమంటే చేప బెదురుతుంది, తెడ్డు ఎత్తినప్పుడు నీరు కారి చినుకుల చప్పుడవుతుంది. తొక్కుడులో అవి ఉండవు. కాని తక్కువ లోతులో పంకా తిరిగితే అడుగు నీరు కలగి చేప చెదరిపోతుంది. లోతు నీటికి తొక్కుడు నిశ్శబ్దం, మెరక నీటికి మెల్లగా వేసిన తెడ్డు నిశ్శబ్దం.

ఇక బరువు. తెడ్డు చేపల కయాక్ 25 నుంచి 35 కిలోలు ఉంటుంది. వడ్లబస్తా ఎత్తే మనిషి ఒక్కడే భుజాన వేసుకొని గట్టు దిగగలడు. తొక్కుడు కయాక్ యంత్రం, కుర్చీ, చుక్కాని అన్నీ కలుపుకొని 40 నుంచి 60 కిలోలు, పెద్దవి అంతకు మించి కూడ ఉంటాయి. చెరువు గట్టు నిటారుగా ఉంటే ఇద్దరు మనుషులు కావాలి, లేదా చిన్న చక్రాల బండి కావాలి. ప్రొద్దున్నే ఒంటరిగా పోదామనుకొనేవాడు దీనిని ముందే ఆలోచించుకోవాలి.

మరమ్మతు సంగతి కూడ వినండి. తెడ్డుకు చెడేదేమీ లేదు. విరిగితే వెదురు కర్రకు పలక కట్టి ఇల్లు చేరవచ్చును. తొక్కుడు యంత్రంలో తీగలు, గొలుసులు, పళ్ళచక్రాలు, పిన్నులు ఉంటాయి. ఉప్పునీటిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడగాలి. ఇసుక చేరకుండా చూడాలి. చెడిన సామాను మన ఊరి సైకిలు షాపులో దొరకదు. కంపెనీ నుంచి తెప్పించుకోవాలి. ఆ సామాను వచ్చేవరకు పడవ ఒడ్డున పడుకొంటుంది. కనుక కొనేముందు పడవ ధర అడిగినట్టే, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, ఎన్ని రోజులలో వస్తాయి అని కూడ అడగండి.

ఇప్పుడు డబ్బు లెక్క. అమెరికాలో చేపలకు పనికివచ్చే తెడ్డు కయాక్ సుమారు 500 నుంచి 1000 డాలర్లకు దొరుకుతుంటే, తొక్కుడు కయాక్‌కు 1500 నుంచి 4000 డాలర్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పెట్టవలసి వస్తుంది. దిగుమతి చేసుకొంటే ఓడ ఖర్చు, సుంకం అదనం. ఈ లెక్కను మన మాటలలో వేసుకొందాం. ఉదాహరణకు తెడ్డు పడవ 40,000 రూపాయలు, తొక్కుడు పడవ 1,50,000 రూపాయలు అనుకొందాం. తేడా 1,10,000. మీరు ఏడాదికి 100 రోజులు చొప్పున ఐదేండ్లు వాడితే 500 రోజులు. అంటే రోజుకు 220 రూపాయలు తొక్కుడు కొరకు అదనంగా పెట్టినట్లు. ఏడాదికి 20 రోజులే వాడితే ఐదేండ్లకు 100 రోజులు. అప్పుడు రోజుకు 1,100 రూపాయలు అదనం. మరమ్మతు దీనిలో చేర్చలేదు. మీ సంతలో చేప ధర ఎంతో మీకు తెలుసు. ఈ అదనపు డబ్బుకు అదనపు చేప పడుతుందా లేదా అన్నది మీరే వేసుకొని చూసుకొండి.

ఇక్కడ ఒక మాట విప్పి చెప్పాలి. వలతో చేపపట్టి బ్రతికే కుటుంబానికి ఈ రెండు కయాక్‌లలో ఏదీ పుట్టికి బదులు కాదు. తడిసిన వల బరువు, పట్టిన చేప బరువు, రెండవ మనిషి, ఇవన్నీ పుట్టి మోసినట్టు కయాక్ మోయదు. కయాక్ మీద నిలబడి విసురువల వేస్తే వల విసిరిన ఊపుకే పడవ ఒరిగిపోవచ్చు. కనుక సంఘం డబ్బుతో ఎవరైనా వల పనికి కయాక్‌లు కొనిపెడతామంటే, ఆ పడవ ఎన్ని కిలోలు మోస్తుందో, మీ వల ఎన్ని కిలోలో మొదట అడగండి. నీళ్ళలోని చేపను చూపి బేరమాడేవారి మాట నమ్మి అప్పు చేయకండి. కయాక్ గాలపు పనికి పుట్టిన పడవ. గాలంతో కొరమేను, వాలుగ పట్టేవారికి, చేపల చెరువు పక్కన విడిది కట్టి గాలం సరదాగల పట్నవాసులను రప్పించుకొనే రైతుకు, పెద్ద చెరువును చుట్టి గట్లు, నీటిమొక్కలు తనిఖీ చేసుకొనే యజమానికి అది పనికివస్తుంది.

ఎవరికి ఏది తగినదో క్లుప్తంగా చెబుతాను. నీరు లోతు, వెడల్పు, గాలి ఎక్కువ, మొక్కలు తక్కువ, వాడే రోజులు ఎక్కువ, మోయటానికి రెండవ మనిషి ఉన్నాడు, డబ్బుకు ఇబ్బంది లేదు అంటే తొక్కుడు కయాక్ తీసుకొండి. అందులోను మొద్దులు, గట్లు ఉన్నచోట వెనుకకు నడిచే రకం మేలు. నీరు మెరక, నాచు, గుర్రపుడెక్క ఉన్నవి, చెరువులు చిన్నవి, ఒక్కరే మోసుకొనిపోవాలి, డబ్బు తక్కువ అంటే తెడ్డు కయాక్ చాలు. భుజం నొప్పి ఉన్నవారికి తొక్కుడు సుఖం, మోకాలి నొప్పి ఉన్నవారికి తెడ్డు సుఖం. తొక్కుడు పడవలో కుర్చీని సరిగా జరుపుకోవాలి. కాలు పూర్తిగా చాచినప్పుడు కూడ మోకాలు కొంచెం వంగి ఉండాలి. లేకపోతే సాయంత్రానికి మోకాలు పట్టేస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఇది పడవను గురించి కాదు, ప్రాణాన్ని గురించి.

తొక్కుడు పడవలో అలసట తెలియదు అన్నాను. ఆ సుఖంలోనే ప్రమాదం ఉన్నది. గాలి వెనుకనుంచి తోస్తుంటే హాయిగా తొక్కుకొంటూ మూడు, నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతారు. అక్కడ పిన్ను విరిగిందనుకొండి, నాచు బిగిసిందనుకొండి. అప్పుడు గాలికి ఎదురుగా అంత దూరం తిరిగి రావాలి. దేనితో వస్తారు? తెడ్డుతోనే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, పెడళ్ళు వచ్చాయని తెడ్డును ఒడ్డున వదలిపోయేవాడు ఏరు దాటకుండానే మల్లయ్యను తిట్టినవాడు అవుతాడు. తొక్కుడు కయాక్‌లో కూడ తెడ్డు ఉండి తీరాలి. దానిని ఒక తాడుతో పడవకు కట్టి ఉంచాలి. నియమం ఇది: తెడ్డుతో తిరిగి రాగలిగినంత దూరమే పెడళ్ళతో పొండి. బయలుదేరేటప్పుడు గాలికి ఎదురుగా పొండి. అలసిన తరువాత గాలే మిమ్మల్ని ఇంటికి తెస్తుంది.

లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలి. కుర్చీ వెనుక పెట్టుకొన్న జాకెట్, ఇంట్లో పెట్టుకొన్న జాకెట్ రెండూ ఒకటే. పడవ తిరగబడితే దానిని వెదికి తొడుక్కొనే వ్యవధి ఉండదు. నాకు ఈత వచ్చును గదా అనేవారు ఉన్నారు. ఈత వచ్చినవాడికి కూడ దారం కాలికి చుట్టుకోవచ్చును, తలకు దెబ్బ తగలవచ్చును, కండరం పట్టవచ్చును. ఇంటి దగ్గర ఎదురుచూచేవారికి మీ ఈత నేర్పుతో పనిలేదు, మీరు తిరిగి రావటంతోనే పని.

పడవ కొన్న మొదటి రోజున చేపకు పోకండి. నడుము లోతు నీటిలో, పక్కన ఒక మనిషిని నిలుపుకొని, కావాలని పడవను తిరగవేసి, సరిచేసి, మళ్ళీ ఎక్కటం అభ్యాసం చేయండి. తిరగబడ్డ పడవ అడుగున అడ్డంగా పడుకొని, అవతలి అంచు పట్టి లాగితే అది సరి అవుతుంది. తరువాత పొట్ట మీదుగా అడ్డంగా పాకి ఎక్కి, వెల్లకిలా తిరిగి, ఆఖరున కాళ్ళు లోపలికి తీసుకోవాలి. తొక్కుడు పడవ వెడల్పు కాబట్టి త్వరగా తిరగబడదు గాని, ఒకసారి తిరగబడితే బరువు మూలాన సరిచేయటం కష్టం. కనుక ఈ అభ్యాసం వారికే ఎక్కువ అవసరం.

పారే నీటిలో లంగరును ఎప్పుడూ పడవ పక్కన కట్టకండి. ముందు కొసకో, వెనుక కొసకో కట్టాలి. పక్కన కడితే ప్రవాహం పడవను అడ్డంగా నొక్కి ముంచివేస్తుంది. ఆ తాడును ఒక్క లాగుతో విప్పుకొనేటట్లు ముడివేసి, చిన్న కత్తి అందుబాటులో ఉంచుకొండి. జలాశయం గేట్ల దగ్గరకు, కాలువ తూముల దగ్గరకు పోవద్దు. పొడవాటి గాలపు కర్రలు కరెంటు తీగల క్రింద నిలువుగా పెట్టవద్దు. కార్బన్ నారతో చేసిన కర్రలలో విద్యుత్తు ప్రవహిస్తుంది. ఎండాకాలం సాయంత్రాలలో పడమట మబ్బు లేచి గాలి ఒక్కసారిగా ఆగిపోతే, ఈదురుగాలి వస్తున్నదని గుర్తు. చేప పడుతున్నా సరే, ఒడ్డుకు రండి. ఒంటరిగా పోయేవారు ఎటు పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి పొండి. తాగి పడవ ఎక్కవద్దు.

ఇంకొక నియమం పక్కవాడి గురించి. చెరువు మీద, జలాశయం మీద చేపపట్టే హక్కు ఎవరిదో ముందు తెలుసుకొండి. మత్స్యకారుల సహకార సంఘానిదైతే వారి అనుమతి, జలాశయమైతే మత్స్యశాఖ లైసెన్సు తీసుకొనే దిగండి. నీటిలో బెండ్లు తేలుతూ కనిపిస్తే అక్కడ ఒకరి వల ఉన్నది. పంకా పడవతో దాని మీదుగా పోతే వల తెగుతుంది, పంకా బిగుస్తుంది. మీకది ఒక పూట సరదా, ఆ వల మాత్రం ఒక కుటుంబం కూడు. చుట్టూ తిరిగి పొండి.

పడవను భద్రపరచటం సులభమే. పాలిథీన్‌కు ఎండ శత్రువు. వాడనప్పుడు నీడలో, బోర్లించి గాని, పక్కకు ఒరగబెట్టి గాని ఉంచండి. రెండు రాళ్ళ మీద రోజుల తరబడి ఎండలో పెడితే అడుగు సొట్టపడుతుంది. బండి మీద కట్టేటప్పుడు తాడు మరీ బిగించవద్దు. ఎండకు మెత్తబడిన చోట వంకరపోతుంది.

కడపటి మాట క్షేత్ర ఉద్యోగులకు, గ్రామ మత్స్య సహాయకులకు. ఏ కంపెనీ కాగితమో చూచి రైతుకు సలహా చెప్పవద్దు. వీలైతే రెండు రకాల పడవలు ఒక్కొక్కటి సంపాదించి, మీ చెరువులోనే పరీక్షించండి. ఒకే నేర్పుగల ఇద్దరు మనుషులను, ఒకే ఉదయం, మూడు గంటలు దింపండి. రెండవ రోజు వారి పడవలు మార్చండి. నేర్పు తేడా పడవ ఖాతాలో పడకుండా ఉండటానికి ఈ మార్పు. పట్టిన చేపను తూచటమే కాదు, ఎర నీటిలో ఎన్ని నిమిషాలు ఉన్నదో గడియారం పెట్టి వ్రాయండి. చేప పడటం అదృష్టం కావచ్చును. ఎర నీటిలో ఉండటం మాత్రం పడవ చేసే మేలు. దానితోపాటు నాచు తీయటానికి ఎన్నిసార్లు ఆగవలసి వచ్చినదో, పడవను గట్టు దించటానికి ఎంతమంది పట్టారో కూడ వ్రాయండి. గాలి లేని రోజున ఒకసారి, గాలి ఉన్న రోజున ఒకసారి ఇట్లా చేస్తే, ఆ చెరువుకు ఏ పడవ తగినదో ఆ కాగితమే చెబుతుంది. పక్క ఊరి చెరువుకు అదే జవాబు కాకపోవచ్చును. అక్కడ మళ్ళీ పరీక్షించాలి.

సోదరులారా, కాలితో తొక్కే పడవ చేతులకు విడుదల ఇచ్చినది నిజమే. అయితే తెడ్డు పని తీరిపోలేదు. మెరకలో అది అవసరం, నాచులో అది అవసరం, యంత్రం చెడిననాడు అదే దిక్కు. మీ నీటిని చూచి, మీ మోకాలిని చూచి, మీ పెట్టెలోని డబ్బును చూచి పడవను ఎంచుకొండి. ఏది ఎంచుకొన్నా లైఫ్ జాకెట్ తొడుక్కొని, తెడ్డు కట్టుకొని బయలుదేరండి. గంపలో చేప ఉన్నా లేకున్నా, చీకటి పడకముందే ఒడ్డు చేరండి.